ఇరవై నాలుగో వంతు కారు: కిట్ కొని కట్టడం, మన ఊరి బండిగా మార్చుకోవడం

స్కేల్ మోడల్ కిట్ డబ్బా తెరిస్తే అందులో కారు కనిపించదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్న వంద దాకా ముక్కలు, నాలుగు రబ్బరు టైర్లు, నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కర్ల కాగితం, బొమ్మలతో నడిచే సూచనల పుస్తకం, ఇవే ఉంటాయి. కోసి, అరగదీసి, రంగు వేసి, అతికించి దాన్ని కారుగా చేయాల్సింది కొన్నవాళ్ళే. రంగులు, జిగురు కూడా చాలా కిట్లలో రావు, విడిగా కొనుక్కోవాలి.

బొమ్మ కారుకూ దీనికీ తేడా ఒక్క లెక్కలో ఉంది. 1:24 అని డబ్బా మీద రాసి ఉంటే, అసలు బండిలో 24 సెంటీమీటర్లు ఉన్నది మోడల్‌లో ఒక సెంటీమీటరు. 3,335 మిల్లీమీటర్ల పొడవుండే మారుతి 800 ఈ లెక్కన 139 మిల్లీమీటర్లకు దిగుతుంది. అద్దం, హ్యాండిల్, వైపరు, సీటు, అన్నీ అదే భాగహారంలో చిన్నవవుతాయి. రంగు మందం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మొదటి కిట్ పాడయ్యేది ఎక్కువగా ఇది తెలియకే.

మన వైపుకు కిట్లు ఎలా వస్తాయి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళకూ దగ్గరి పెద్ద బజారు బెంగళూరు. కుప్పం వాళ్ళకు రైలు ఉంది, మదనపల్లె, పుంగనూరు వాళ్ళకు బస్సు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం రెండో దారి. మూడోది గల్ఫ్ దారి. కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న అన్న సెలవుకు వస్తూ పెట్టెలో పెట్టుకుని తెచ్చే డబ్బా అన్నమాట.

ధర గురించి ముందే తెలుసుకోవడం మంచిది. విదేశీ బొమ్మల మీద మన ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. కస్టమ్స్ లెక్కల్లో స్కేల్ మోడళ్ళు కూడా బొమ్మల పద్దులోనే ఉన్నాయి. అందుకే జపాన్ కంపెనీల 1:24 కిట్ ఇక్కడ మూడు నాలుగు వేలు పలకడం మామూలే. పిల్లాడి ఈదీ డబ్బులన్నీ కలిపినా చాలకపోవచ్చు.

గల్ఫ్ నుంచి తెప్పించుకునేవాళ్ళు అన్నకు ఒక మాట ముందే చెప్పాలి. కిట్ డబ్బా విమానంలో తేవచ్చు. స్ప్రే రంగు డబ్బాలు, థిన్నరు, మోడల్ జిగురు మాత్రం పెట్టెలో పెట్టకూడదు, అవి మంటలంటుకునే సరుకు. ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పడేస్తే డబ్బులు పోయినట్టే. కట్టరు, బ్లేడు లాంటివి చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టుకోవాలి.

చెక్క నుంచి ప్లాస్టిక్‌కు

ఈ రంగంలో బాగా పేరున్న జపాన్ కంపెనీ తమియా. అది మొదట కలప వ్యాపారం. 1946లో షిజుఓకా పట్టణంలో రంపపు మిల్లుగా మొదలై, తర్వాత చెక్క మోడళ్ళు చేసి, 1960లో మొదటి ప్లాస్టిక్ కిట్ తెచ్చింది. అది కారు కూడా కాదు, యమటో అనే యుద్ధనౌక. మన దగ్గరా చెక్క బొమ్మల సంప్రదాయం చిన్నదేమీ కాదు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే అంకుడు కర్ర, బెంగళూరు దాటాక వచ్చే చన్నపట్నలో వాడే కర్ర ఒకే చెట్టువి. కాకపోతే మన పనివాళ్ళు చెక్క దగ్గరే నిలబడ్డారు, షిజుఓకా వాళ్ళు ప్లాస్టిక్ అచ్చుల్లోకి దూకారు.

మార్చుకుని కట్టుకునే అలవాటు పుట్టింది అమెరికాలో. ఏఎంటీ కంపెనీ 1958లో ఒకే డబ్బాలో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు తెచ్చింది. షోరూం నుంచి వచ్చినట్టు కట్టుకోవచ్చు, సోకులు చేసుకోవచ్చు, రేసు బండిగా మార్చుకోవచ్చు. అమెరికా కిట్లు ఎక్కువగా 1:25, జపాన్‌వి 1:24. రెండూ పక్కపక్కన పెడితే తేడా కంటికి పెద్దగా తెలియదు కానీ, ఒకదాని చక్రం ఇంకోదానికి వేస్తే ఒక్కోసారి తెలిసిపోతుంది.

మన వాళ్ళకు పనికొచ్చే తేడా ఇంకొకటి ఉంది. జపాన్‌లో కూడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు, స్టీరింగ్ కుడి వైపు ఉంటుంది. జపాన్ బండ్ల కిట్ తీసుకుంటే స్టీరింగ్ మన లెక్కకే వస్తుంది. అమెరికా బండి అయితే డ్యాష్‌బోర్డు కోసి తిప్పుకోవాలి.

కట్టడం

మొట్టమొదటిసారి కట్టే పిల్లలకు జిగురు అక్కర్లేని స్నాప్ కిట్ మేలు. అఓషిమా కంపెనీ 1:32లో ఇలాంటివి చేస్తోంది. ముక్కలు రంగుతోనే వస్తాయి, నొక్కితే కూర్చుంటాయి. అది కట్టాక ఆసక్తి మిగిలితే అప్పుడు 1:24 మీద డబ్బు పెట్టవచ్చు.

ముందుగా చట్రాలను గిన్నెల సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి ఊడి రావడానికి వాడిన నూనె జిడ్డు ప్లాస్టిక్ మీద మిగిలి ఉండవచ్చు, అది ఉంటే రంగు పట్టదు. ముక్కను చేత్తో విరవకూడదు. కట్టరుతో కొంచెం దూరంగా ఒకసారి, ఆనుకుని ఇంకోసారి కోయాలి. మిగిలిన మొటిమను 600 నంబరు వాటర్ పేపర్‌తో, తర్వాత 1000తో తీసేయాలి. బాడీ మీద అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. అసలు కారుకు అలాంటి గీత ఉండదు కాబట్టి దాన్నీ అరగదీయాలి. చాలామంది తొందరలో వదిలేస్తారు, రంగు వేశాక అది మొహం మీద మచ్చలా కనిపిస్తూనే ఉంటుంది.

జిగురు విషయంలో మూడు రకాలు పెట్టుకుంటే చాలు. మోడల్ సిమెంట్ నిజానికి అంటించదు, ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. అందుకని రంగు వేసిన చోట, మెరుపు పూత ఉన్న చోట ముందు గీకి, ఒట్టి ప్లాస్టిక్ తేల్చాలి. ఫెవిక్విక్ లోహపు ముక్కలకు బాగుంటుంది, అద్దాల దగ్గరికి మాత్రం రానీయకూడదు. దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి మసక పడుతుంది. అద్దాలకు మామూలు తెల్ల ఫెవికాల్ వాడాలి. ఆరాక కనిపించదు, తప్పు అంటుకుంటే తడిగుడ్డతో తుడిచేయవచ్చు.

కోయగా మిగిలిన చట్రం కడ్డీలను పారేయకూడదు. కొవ్వొత్తి సెగకు పైన పట్టుకుని మెత్తబడగానే రెండు వైపులా లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది, అది రేడియో యాంటెన్నా. చిన్న ముక్కలుగా తరిగి కొద్దిగా సిమెంట్‌లో నానబెడితే ఒక రాత్రికి పేస్టు అవుతుంది, సందులు పూడ్చడానికి అంతకంటే మంచి పుట్టీ లేదు. కారు షెడ్డులో వాడే ఎన్‌సీ పుట్టీలో థిన్నరు ఉంటుంది, మందంగా పెడితే కింది ప్లాస్టిక్‌నే తినేస్తుంది.

ఉస్తాద్‌కు తెలిసింది, తెలియంది

ఈ మూడు ఊళ్ళలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్ల మీద బతికే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు షాగిర్దుగా నేర్చుకున్న పని. అలాంటి ఇంట్లో కిట్ కట్టే పిల్లాడు ఉంటే సగం చదువు ఇంట్లోనే ఉన్నట్టు. వాటర్ పేపర్‌ను తడిపి ఎలా తిప్పాలి, మాస్కింగ్ టేపు అంచును గోటితో ఎలా నొక్కాలి, స్ప్రే చేసే ముందు దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు ఎందుకు చల్లాలి, మొదటి పూత మంచులా ఎందుకు పడాలి, ఇవన్నీ ఏ పుస్తకం కంటే ఉస్తాద్ బాగా చెప్పగలడు.

కానీ ఆయన చేతికి అలవాటైన మందం ఇక్కడ పనికిరాదు. కారు మీద రంగు పొరలన్నీ కలిపి 0.1 మిల్లీమీటరు దాకా ఉంటాయి. మోడల్ మీద అదే 0.1 మిల్లీమీటరు పడితే, అసలు బండి మీద 2.4 మిల్లీమీటర్ల మందాన పూసినట్టు. గోడకు సున్నం కొట్టినట్టే. కారు డోరుకూ బాడీకీ మధ్య సందు 4 మిల్లీమీటర్లు అనుకుంటే, మోడల్‌లో అది 0.17 మిల్లీమీటరు. రెండు లావు పూతలు పడితే ఆ సందు పూడుకుపోతుంది, డోరు మాయమవుతుంది. అందుకే తెలిసినవాళ్ళు రంగుకు ముందే బ్లేడు వెనక అంచుతో డోర్లు, బానెట్, డిక్కీ గీతలను నాలుగైదుసార్లు మెల్లగా గీసి లోతు చేసుకుంటారు.

మెటాలిక్ రంగుదీ ఇదే కథ. కారు రంగులో మెరిసే రేకు 0.04 మిల్లీమీటరు అనుకుంటే, 1:24 మోడల్ మీద అది ఒక మిల్లీమీటరు రేకులా కనిపిస్తుంది. షెడ్డులో మిగిలిన వెండి రంగు వేస్తే కారు మీద ఇసుక చల్లినట్టు ఉండేది అందుకే. మోడళ్ళ కోసం చేసిన రంగుల్లో రేకు చాలా సన్నంగా ఉంటుంది. సాదా తెలుపు, ఎరుపు అయితే ఈ బాధ లేదు. ఎర్ర ప్లాస్టిక్ మీద తెల్ల రంగు వేస్తే మాత్రం కింది ఎరుపు పైకి ఊరి గులాబీ అవుతుంది, ముందు వెండి రంగు పూత ఒకటి అడ్డం వేయాలి.

రంగుల వరస కూడా గుర్తుంచుకోవాలి. లాకర్ రంగు మీద ఎనామిల్ వేయవచ్చు. ఎనామిల్ మీద లాకర్ వేస్తే కింది పొర ముడతలు పడుతుంది. షెడ్డు థిన్నరును మోడల్ మీద నేరుగా తడిగా కొడితే ప్లాస్టిక్ పగుళ్ళు తీస్తుంది. తప్పనిసరైతే ప్రైమరు మీద, పొడిపొడిగా, పలుచగా.

ఇక వాతావరణం. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం డాబా మీద స్ప్రే చేస్తే రంగు గాలిలోనే ఆరిపోయి బాడీ మీద గరుకుగా కూర్చుంటుంది. వాన రోజుల్లో లాకర్ పాలు పోసినట్టు తెల్లబడుతుంది, గాలిలోని తేమ రంగులో చిక్కుకోవడమే కారణం. ఎండాకాలంలో ఫజర్ తర్వాతి చల్లటి పూట, వానాకాలంలో ఎండ వచ్చి గాలి పొడిబారిన పూట చూసుకోవాలి. దాదాపు 20 సెంటీమీటర్ల దూరం నుంచి, చెయ్యి ఆగకుండా, ఒక అంచు బయట మొదలుపెట్టి ఇంకో అంచు బయట ఆపాలి. ఆరేదాకా ఫ్యాను ఆపి, పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించాలి. ఆరిందో లేదో వేలితో ముట్టుకుని చూసే అలవాటు ఇంట్లో అందరికీ ఉంటుంది. అందుకే పక్కన ఒక చెంచాకు అదే రంగు వేసి పెడితే వాళ్ళు దాన్ని ముట్టుకుంటారు.

ఊపిరి సంగతి

ఇక్కడ మాత్రం సర్దుబాటు కుదరదు. షెడ్డులో మిగిలిన పీయూ రంగు, హార్డెనర్ కలిపే క్లియర్ కోటు ఇంట్లోకి తేకూడదు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం రావచ్చు, ఉబ్బసం జీవితాంతం ఉండిపోవచ్చు. ముక్కుకు కట్టుకునే దస్తీ గానీ, ఎన్-95 మాస్కు గానీ రంగు తుంపర్లను కొంత ఆపుతాయేమో, ఆవిరిని ఆపలేవు. దానికి రసాయన ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. ఈ మాట కిట్ కట్టే పిల్లాడి కంటే రోజంతా షెడ్డులో స్ప్రే గన్ పట్టుకునే అబ్బాకే ఎక్కువ వర్తిస్తుంది. షెడ్డులో ఆ మాస్కు లేకపోతే కిట్ కంటే ముందు కొనాల్సింది అదే.

మామూలు మోడల్ స్ప్రే కూడా గదిలో కొట్టకూడదు. వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలుగుతుంటే అసలే వద్దు. పసిపిల్లలు, ఆయాసం ఉన్న నాని, దాదా ఉన్న ఇంట్లో డాబా మీదో, పెరట్లోనో చేసుకోవాలి. నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగులు వాసన తక్కువ, కుంచెతో వేసుకోవచ్చు, మొదటి కిట్‌కు అవి చాలు.

కంపెనీ చేయని బండిని చేసుకోవడం

కిట్ల డబ్బాల మీద ఫెరారీలు, స్కైలైన్లు దండిగా ఉంటాయి. మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర నిలబడితే కనిపించే బండ్లు ఆ డబ్బాల మీద దొరకవు. మార్చుకోవడంలో అసలు రుచి అక్కడే ఉంది.

మారుతి జిప్సీనే చూద్దాం. 1985లో వచ్చి 2019 దాకా తయారైన బండి. పోలీసు స్టేషన్ ముందు దాన్ని చూడని వాళ్ళు ఉండరు. అది సుజుకి జిమ్నీ తమ్ముడే, కాకపోతే పొడుగు తమ్ముడు. హసెగావా కంపెనీ పాత జిమ్నీని, జేఏ11 రకాన్ని, 1:24లో కిట్‌గా చేసింది. ఆ జిమ్నీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,030 మిల్లీమీటర్లు, జిప్సీది 2,375. తేడా 345. దాన్ని 24తో భాగిస్తే 14.4 మిల్లీమీటర్లు. అంటే బాడీనీ, కింది ఛాసిస్‌నూ డోరు వెనక నిలువుగా కోసి, మధ్యలో 14.4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు ముక్క అతికిస్తే చక్రాల మధ్య దూరం సరిపోతుంది. డోర్లు తాకాల్సిన పని లేదు. పైన గట్టి టాప్ కోసేసి, పలుచటి టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి కడ్డీల మీద పరిస్తే గుడ్డ టాప్ వస్తుంది. కోసేటప్పుడు చెయ్యి వణకడం సహజం, నాలుగు వేలు పెట్టి కొన్నదాన్ని రెండు ముక్కలు చేస్తున్నప్పుడు ఎవరికైనా గుండె దడగానే ఉంటుంది. ముందు అట్టముక్క మీద గీసుకుని, రెండుసార్లు కొలిచి, సన్నటి రంపంతోనే కోయాలి.

జీపు కావాలంటే విల్లీస్ కిట్లు ఉన్నాయి, ఇటలేరి కంపెనీ 1:24లో చేసింది. అయితే అది యుద్ధకాలపు జీపు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన మహీంద్రా జీపుకు బానెట్ ఎత్తుగా ఉంటుంది, ముందు జాలీలో తొమ్మిది బదులు ఏడు సందులే ఉంటాయి, స్టీరింగ్ కుడి వైపు ఉంటుంది. ఈ మూడూ మార్చాలి. ఆ కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్. భాగస్వామి గులాం ముహమ్మద్ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

చిన్న చిన్న వివరాలకు ఊళ్ళోనే సామాను దొరుకుతుంది. బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో 30 గేజీ రాగి తీగ రెండు మూరలు అడిగితే చాలు. దాని మందం దాదాపు 0.3 మిల్లీమీటరు, 24తో గుణిస్తే ఏడెనిమిది మిల్లీమీటర్లు. ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ వైరు సరిగ్గా అంతే ఉంటుంది. ఫ్లెక్స్ షాపులో వచ్చే సన్‌బోర్డు ముక్కలు వెనక తొట్టి కట్టడానికి బాగుంటాయి, దానికి మోడల్ సిమెంట్ పట్టదు, ఫెవిక్విక్ వాడాలి. టమోటా క్రేట్లు పెట్టాలనుకుంటే మార్కెట్‌లో ఒక క్రేటును టేపుతో కొలిచి 24తో భాగించుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు ఉంటే 25 మిల్లీమీటర్లు.

నంబరు ప్లేటు లేకపోతే మన బండి అనిపించదు. 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తున్న కారు ప్లేటు మోడల్‌లో 20.8, 5 మిల్లీమీటర్లకు వస్తుంది. చిత్తూరు జిల్లా పాత బండి అయితే ఏపీ 03. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్‌గా ఏపీ 39 వచ్చింది, కాబట్టి ఏ సంవత్సరపు బండి చేస్తున్నారో చూసుకుని రాయాలి. ఫోటో స్టూడియోలో గ్లాసీ కాగితం మీద చిన్నగా ప్రింటు తీయించుకుంటే సరిపోతుంది. వెనక అద్దం మీద 786, మాషా అల్లాహ్ అని ఉండే స్టిక్కరును కూడా అలాగే, కానీ పారదర్శక డెకాల్ కాగితం మీద తీయాలి. ప్రింటరు తెలుపు రంగు వేయలేదు కాబట్టి అక్షరాలు ముదురు రంగులో పెట్టుకోవాలి.

డెకాల్‌ను నానబెట్టే నీళ్ళ దగ్గర మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక స్టిక్కర్ చుట్టూ తెల్లటి చార మిగులుతుంది. పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ నీళ్ళు డిస్టిల్డ్ వాటరే. కొత్త డబ్బా ఒకటి తెస్తే పది కిట్లకు వస్తుంది.

రంగు చెడిపోతే కంగారు పడక్కర్లేదు. యాక్రిలిక్ రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఊడిపోతుంది. బంపర్ల మీది వెండి మెరుపు పూత అక్కర్లేదనుకుంటే బట్టల బ్లీచ్‌లో వేస్తే నిమిషాల్లో పోతుంది. ఆ బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ చుక్క కూడా కలవకూడదు, విషవాయువు వస్తుంది.

పూర్తయిన కారును గాజు పలక ఉన్న అరలో, కిటికీ ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. ఎండకు స్టిక్కర్లు పసుపెక్కుతాయి. పాత అమెరికా కిట్ల టైర్లు మెత్తటి వినైల్‌వి, వాటిలోని నూనె ఏళ్ళ తరబడి ఊరి ప్లాస్టిక్ రిమ్మును కరిగిస్తుంది. అలాంటి కిట్ అయితే టైరు వేసే ముందు రిమ్ము చుట్టూ సన్నటి రేకు కాగితం ఒక చుట్టు చుట్టాలి. దుమ్ము తుడవడానికి గుడ్డ వద్దు, మెత్తటి కుంచె చాలు. గుడ్డ తగిలితే ముందు ఊడేది వైపరే.